ఆమె తిప్పి పెట్టిన అద్దం

ఆమె పోయిన రోజు కారు ఆసుపత్రి అడుగున, నేల కింది పార్కింగులో, ఒక లావు స్తంభం పక్కన ఉండిపోయింది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. అందరం ఆమెతో పాటు ఇంటికి వచ్చాం. వచ్చేవాళ్ళు వచ్చారు, వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను, ఎవరో మంచినీళ్ళు ఇస్తే తాగాను, ఎవరో గ్లాసు తీసుకున్నారు. కొన్నాళ్ళకు బావమరిది గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఖాళీ వాకిలి చూసి, "బావా, కారేదీ?" అన్నాడు. తెలిసిన ప్రశ్నే వచ్చినా జవాబు తోచని పిల్లాడిలా నేను కాసేపు నిజంగానే ఆలోచించాను. అప్పటికి ఆ కారు ఇంకా ఒక వానైనా చూడలేదు. తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. ఆపరేషను గదిలోకి తీసుకువెళ్ళే ముందు ఆమే చేతి గడియారమూ చెవిపోగులూ తాళంచెవీ కలిపి నా దోసిట్లో పోసి, "జాగ్రత్త మాస్టారూ, కళ్ళజోడులా ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతక్కండి" అంది. చిన్న ఆపరేషనే అన్నారు. సాయంత్రానికి ఇంటికి పోవచ్చన్నారు.

ఇప్పుడు ఆ తాళంచెవి మళ్ళీ నా దగ్గర లేదు. ఇందాకే ఇచ్చేశాను. వాడిన కార్లు అమ్మే ఈ చోట ఒక గదిలో కూర్చుని ఉన్నాను. ఒక పక్క గోడంతా అద్దమే, అవతల ఎండలో వరసగా కార్లు, తరగతిలో లేచి నిలబడిన పిల్లల్లా అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. మంచినీళ్ళ యంత్రం ఉండుండి గుడగుడమంటోంది. బల్ల వెనక అమ్మాయి, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే ఉంటుంది, "గంట పడుతుంది సార్, మేస్త్రి గారు మీ బండి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, కిందా మీదా చూసి వస్తారు. మీకు మన బండి నచ్చితే కాగితాలు రాసేసుకోవడమే" అంది. మన బండి అంటే ఆ బూడిదరంగు చిన్న కారు, వరసలో చివరిది. రెండేళ్ళ కిందటిది. పెద్దగా తిరగలేదట. ఎవరిదమ్మా అని అడిగితే, ఒకావిడ వాడారు సార్, బదిలీ అయి వెళ్ళిపోయారు అంది, ఎక్కాలు అప్పగించినట్టు, ఊపిరి తీసుకోకుండా. పిల్లలు అలా అప్పగించినప్పుడు నేను ఇంకో ప్రశ్న వెయ్యను. వెయ్యలేదు. ఆవిడ నిజంగా బదిలీ అయి ఉంటుంది. కాకపోతే నేను చేసేదేముంది.

మేస్త్రి తాళంచెవి తీసుకుని వెళుతుంటే బావమరిది వెంట నాలుగడుగులు వేసి, భుజం మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెప్పి వచ్చాడు. బేరం సంగతి అయివుంటుంది. వాడికి రంగుల దుకాణం. పొద్దున లేచింది మొదలు బేరాలే, గోళ్ళ కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఇవాళ ఆకుపచ్చ. "లోకమంతా పాతదిచ్చి కొత్తది తెచ్చుకుంటారు. నువ్వు కొత్తదిచ్చి పాతది తెచ్చుకుంటున్నావు. పాఠాలు చెప్పేవాడివి, ఇందులో ఏదో సూత్రం ఉండే ఉంటుందిలే" అన్నాడు దారిలో. సూత్రం చెప్పాను. సందు ఇరుకు, కారు పెద్దది. బడి దగ్గర నిలిపే చోటు చాలదు. చెయ్యి తిరిగినవాళ్ళ బండి అది, నాలాంటివాడికి చిన్నదే మేలు. అన్నీ నిజాలే. ఒక్కటి కూడా అబద్ధం కాదు. అసలు కారణం మాత్రం వాటిలో లేదు. వాడు ఊఁ కొట్టాడు. వాడు ఊఁ కొట్టి ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టు కాదు. వాడి అలవాటది. అక్కదీ అంతే.

ఆమెది లిఫ్టుల కంపెనీలో పని. ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ తన పిల్లలే అన్నట్టు తిరిగేది. ఏ మేడ ఎక్కినా ముందు చెవి పెట్టి వినేది. అంత తిరుగుడుకి కారు తప్పదు, నడపడం ఆమెకే వచ్చు. నాకు రాదు, నేర్చుకోవాలని అనిపించనూ లేదు. పొద్దున్నే నన్ను బడి దగ్గర దింపి ఆమె లిఫ్టులకు పోయేది, సాయంత్రం ఎక్కించుకునేది. నేను వెనక కూర్చునేవాణ్ణి. ముందు కూర్చుంటే పేపర్లు పరుచుకోవడానికి చోటు చాలదు, వెనకైతే సీటంతా నాదే, ఈ పక్క దిద్దినవి, ఆ పక్క దిద్దవలసినవి, మధ్యలో నేను, ఎర్ర సిరా పెన్ను. మా అమ్మాయి ఉంటే అది తల్లి పక్కన ముందు కూర్చునేది. బడి గేటు దగ్గర నేను వెనక తలుపు తీసుకుని దిగుతుంటే లెక్కల మాస్టారు రోజూ, "ఏమండోయ్, డ్రైవరమ్మకి జీతం సరిగా ఇస్తున్నారా" అనేవాడు. "పాపం, ఆయనేం ఇస్తారండీ, నెలాఖరుకి నేనే ఆయనకి ఇస్తాను" అనేది ఆమె, గేరు మారుస్తూ.

అద్దం సంగతి అప్పుడు మొదలైంది, పాత కారులోనే. ముందు నడినెత్తిన, వెనక రోడ్డు చూడడానికి పెట్టే అద్దం. అది ఆమె రోడ్డుకి పెట్టేది కాదు. కొంచెం కిందకి, కొంచెం పక్కకి తిప్పి, వెనక సీట్లో కిటికీ పక్కన నేను కూర్చునే చోటు కనపడేలా పెట్టుకునేది. బావమరిది ఒకసారి ఎక్కి చూసి అరిచాడు, "అక్కా, ఆ అద్దం రోడ్డు కోసం పెట్టారే, బావ కోసం కాదు." "రోడ్డుకి పక్క అద్దాలు రెండున్నాయి, నాకు మెడ ఉంది. ఈయన్ని చూడ్డానికి ఇదొక్కటేగా ఉంది" అంది. కొత్త కారు కొనేటప్పుడు వెనక ఉన్నది బొమ్మగా చూపించే తెర ఉన్న రకం తీసుకోమంటే కూడా, నా మెడ బాగానే తిరుగుతోంది, అక్కర్లేదంది. కారు ఇంటికి వచ్చిన రోజు అమ్మాయి సీట్ల మీది ప్లాస్టిక్కు చింపుతూ ఉంటే ఈమె నన్ను వెనక కూర్చోబెట్టింది. "కొంచెం జరగండి. కాదు, మామూలుగా కూర్చోండి. పేపర్లు చూసేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా." పేపర్లు లేకపోతే ఎలా కూర్చుంటానో నాకు తెలియలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకున్నాను. వేలితో అద్దం అంచు పట్టుకుని అటొకసారి ఇటొకసారి వంచి, "ఆఁ, దొరికారు" అంది. అంతే. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

ఎనిమిదో తరగతికి కాంతి పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒక మాట చెబుతాను. అద్దంలో మీకు ఎవరి కళ్ళు కనపడుతున్నాయో వాళ్ళకి మీ కళ్ళూ కనపడుతున్నాయి, కాంతి వచ్చిన దారినే తిరిగి వెళ్ళగలదు, అది ఒకవైపు వీధి కాదు. పిల్లలు నమ్మరు. ఇద్దర్ని లేపి, మధ్యలో చేతి అద్దం పట్టుకుని చూపిస్తాను. దొంగచూపు చూద్దామనుకున్నవాడు దొరికిపోతాడు, తరగతి నవ్వుతుంది. పేపరు మీంచి నేను తల ఎత్తినప్పుడల్లా ఆ అద్దంలో ఆమె కళ్ళు ఉండేవి. కనుబొమలు, కళ్ళు, ముక్కు మొదలు, అంతవరకే. ఒక్కోసారి అవి రోడ్డు మీద ఉండేవి, ఒక్కోసారి నా మీద. ఎవరైనా నవ్వొచ్చే జవాబు రాస్తే చదివి వినిపించేవాణ్ణి. కళ్ళు నవ్వేవి. నోరు నాకు కనపడేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, అన్నేళ్ళలో ఆ నవ్వులన్నీ నేను సగమే చూశాను. కానీ ఆ సగం చాలేది.

ఆసుపత్రికి కూడా ఆమే నడిపింది. ఆపరేషనుకి వెళ్ళే మనిషి కారు నడపడమేమిటన్నాడు బావమరిది ఫోనులో. "మీ బావ నడిపితే ఒక్క ఆపరేషనుతో సరిపోదురా" అంది. నేను వెనక పేపర్లతోనే ఉన్నాను. ఒకచోట ఎర్రదీపం పడి కారు ఆగితే పెన్ను జారి సీటు మీద మరక పడింది. కొత్త సీటు. అరచేత్తో కప్పాను. తల ఎత్తితే అద్దంలో కళ్ళు. "కప్పకండి, చూశాను" అంది. పార్కింగులో స్తంభాన్ని రాసుకుంటూ ఒక్క తిప్పులో పెట్టింది. పైకి పోయేటప్పుడు లిఫ్టులో తల పక్కకి వంచి, "ఇది మూలుగుతోంది. వీళ్ళకి చెప్పాలి, వచ్చేటప్పుడు గుర్తు చెయ్యండి" అంది. వచ్చేటప్పుడు.

ఆ తరవాత కారు వాకిట్లోకి వచ్చింది, బావమరిది తీసుకొచ్చి పెట్టాడు. పైన గుడ్డ కప్పాడు. అమ్మాయి కాలేజీకి బస్సులో పోవడం మొదలుపెట్టింది. ఒకరోజు తడిసి వచ్చి, జుట్టు తుడుచుకుంటూ కిటికీలోంచి ఆ గుడ్డ కప్పిన కారు వైపు చూసింది. మర్నాడు నేను డ్రైవింగు నేర్పే చోట పేరు రాయించుకున్నాను. నేర్పేవాడు చిన్నవాడు, ఓపికమంతుడు, "సార్, బండిని అనుమానించకండి, అది మీ మాటే వింటుంది" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా నా మాట వినేవాళ్ళు బల్లల మీద కూర్చుని ఉంటారు, ఒకేసారి ముందుకు దూకరు. ఎలాగో వచ్చింది. వాడి కారులో అద్దం రోడ్డుకి ఉండేది, నేను బాగానే నడిపేవాణ్ణి. మా కారులోకి వచ్చాకే మెడ వంగడం మొదలైంది.

ఆమె నాకంటే పొట్టి. ఆమె పెట్టుకున్న అద్దంలో నాకు సరిగా కనపడాలంటే నేను కాస్త వంగాలి. వంగితే కనపడేది రోడ్డు కాదు, వెనక సీట్లో కిటికీ పక్క చోటు. పేపర్లు లేవు, మనిషి లేడు, ఎర్ర మరక ఉంది. ఆమె ఇన్నాళ్ళూ ఏం చూసేదో ఇప్పుడు నేను చూస్తున్నాను, కాకపోతే అందులో నేను లేను. తిప్పెయ్యడం ఎంతసేపు, ఒక వేలు చాలు. నా వేలికి అంత బలం లేదని కాదు, ఒకసారి తిప్పితే మళ్ళీ ఆ కోణం రాదు. అది ఏ కొలతలోనూ రాసి లేదు. ఆమె ఎత్తు, ఆమె కూర్చునే తీరు, నా తల, ఇన్ని కలిస్తే వచ్చిన కోణం. అందులో సగం ఇప్పుడు లేదు. అందుకని పక్క అద్దాలతో, మెడతో నడిపాను. ఆమెకి తిరిగినట్టు నాకు మెడ తిరగదు. లెక్కల మాస్టారు ఇప్పుడు జీతం గురించి అనడు. ఒక్కసారి మాత్రం, "మీరేమిటండీ స్టీరింగుకి దణ్ణం పెడుతూ నడుపుతారు" అన్నాడు, అని నాలిక కరుచుకున్నాడు. నేను నవ్వాను. దాంతో ఆయన ఇంకా నొచ్చుకున్నాడు.

కిందటి వారం వాకిట్లోంచి కారు వెనక్కి తీస్తున్నాను. అమ్మాయి గేటు తెరిచింది, తెరిచిన గేటు గాలికి మళ్ళీ మూసుకుంటోందని పట్టుకోవడానికి వెనక్కి వచ్చింది. అది వచ్చిన సంగతి నాకు తెలియదు. కారు మీద అరచేతుల చప్పుడు వినపడింది, దబదబమని. ఆపాను. దిగి చూస్తే గేటుకీ కారుకీ మధ్య నిలబడి ఉంది, సంచీ గుండెలకి పెట్టుకుని. దెబ్బ తగల్లేదు. "నాన్నా, అద్దంలో నేను కనపడలేదా?" అంది. అద్దంలోంచి కళ్ళలో ఎండ పడిందమ్మా అన్నాను. ఆ పూట ఎండ కారుకి ఎదురుగా ఉంది, వెనక కాదు. దానికి కాంతి పాఠం నేనే చెప్పాను. అది ఆకాశం వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. డ్రైవరు తలుపు తెరిచే ఉంది కదా, వంగి లోపలికి చూసింది, పైకి. కాసేపు చూసింది. "బస్సుకి టైమవుతోంది" అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర కారు మార్చేద్దామనుకుంటున్నానమ్మా అంటే, "నీ ఇష్టం నాన్నా. ఏ కారైనా సరే, వెనక ఏముందో నీకు కనపడాలి. కనపడితే ఎక్కుతాను" అంది. తల్లి గొంతు కాదు అది, తల్లి ఇలా నెమ్మదిగా చెప్పేది కాదు. ఇవాళ సాయంత్రం కాలేజీ గేటు దగ్గరికి వస్తానని చెప్పాను. సరే అంది.

అద్దం తిప్పడం కంటే కారు మార్చడమే తేలికనిపించింది. ఇంటి మీద కోపం వచ్చి ఊరు వదిలిపోయినట్టుంది నా పని, అయినా తేలికనిపించింది. ఆ కారు ఎవరో కొనుక్కుంటారు, వాళ్ళు ఎక్కీ ఎక్కగానే అద్దం తిప్పుకుంటారు, నేను చూడను. నేను చూడనిది జరిగినా జరగనట్టే. అనుకుని వచ్చాను. ఇక్కడ కూర్చున్నాక, మంచినీళ్ళ యంత్రం మూడోసారో నాలుగోసారో గుడగుడమన్నప్పుడు, తట్టింది. మేస్త్రి కారు రోడ్డు మీదికి తీసుకుపోయాడు. ఏ డ్రైవరైనా సీట్లో కూర్చోగానే ముందు చేసే పని ఏమిటి? చెప్పులు విడిచినంత మామూలుగా చేస్తాడు. చేసే ఉంటాడు. తాళంచెవి ఇచ్చేటప్పుడు ఆ మాట ఎందుకు తోచలేదు? లేచాను. ఆవరణలో మా కారు నిలిపిన చోట ఖాళీ, నేల మీద నూనె మరక, అది మాది కాదు. బావమరిది ఎక్కడా లేడు. రోడ్డు వైపు చూశాను. బస్సు, బస్సు వెనక ఎవరివో కార్లు.

"సార్, ఊరికే నిలబడ్డారేం, బండిలో కూర్చుని చూడండి" అంది ఆ అమ్మాయి, చిన్న కారు తలుపు తీసి పట్టుకుని. కూర్చున్నాను. ఏమీ వాసన లేదు, వాసన లేకుండా చేసే ఏదో మందు వాసన తప్ప. సీటు ముందుకి జరిపి ఉంది, మోకాళ్ళు తగిలాయి. వెనక్కి జరుపుకున్నాను. బదిలీ అయిన ఆవిడా పొట్టే. ముందు గాజు మీద ఒక మూల గుండ్రంగా మచ్చ, ఏదో బొమ్మ అంటించి ఊడదీసిన జాడ. బాగుంది. చేతికి అందినట్టుంది అంతా. సందులో పడుతుంది, బడి దగ్గర పడుతుంది. మా అమ్మాయి పక్కన కూర్చుంటుంది. కొంతకాలానికి అలవాటవుతుంది, మనిషికి అలవాటు కానిదేముంది అంటారు, అన్నవాళ్ళందరూ ఇంటికి వెళ్ళి అన్నం తిని పడుకుంటారు. "సార్" అంది ఆ అమ్మాయి కిటికీలోంచి, మొహమాటంగా. "ఆ అద్దం అలా పెట్టుకుంటే వెనక రోడ్డు కనపడదేమో చూడండి."

చూశాను. నా చెయ్యి పైనే ఉంది, అద్దం అంచు మీద. ఎప్పుడు ఎత్తానో తెలియదు. అద్దం కిందకి, పక్కకి వంగి ఉంది. అందులో వెనక సీటు, కిటికీ పక్క చోటు, మరక లేనిది, ఎవరూ ఎప్పుడూ కూర్చోనట్టున్నది. నేనే తిప్పాను. ఇందులో ఆమె కూర్చోలేదు, నేను వెనక కూర్చోలేదు, ఈ కారుకి మేమెవరమో తెలియదు. అయినా తిప్పాను. కారు మారితే చాలనుకున్నాను. ఈ చెయ్యి ఏ కారులో పెట్టినా ఇదే చేస్తుంది, మా పిల్ల ఏ గేటు దగ్గర నిలబడినా కనపడదు. "సార్, నేను సరిచెయ్యనా?" అంది ఆ అమ్మాయి కిటికీలోంచి. సరిచెయ్యమ్మా అన్నాను. చిన్న చెయ్యి లోపలికి వచ్చి ఒక్క వేలితో పైకి నెట్టింది. ఆవరణ గేటు, గేటు అవతల రోడ్డు, ఆ రోడ్డు మీద మలుపు తిరిగి వస్తున్న మా కారు కనపడ్డాయి.

మేస్త్రి దిగి, చేతులు తుడుచుకుంటూ చెప్పుకుపోయాడు. ఇంజను కొత్తదేనండి, ఏ ఇబ్బందీ లేదు. వెనక బంపరు మీద గీత. పక్క తలుపు మీద సొట్ట, గేటు స్తంభానికి కొట్టినట్టుంది. వెనక సీటు మీద ఎర్ర మరక, అది పోదండి, సీటు కవరు మార్చాల్సిందే. నేను తలుపు తీసి లోపలికి వంగాను. ఎంత వంగాలో నా మెడకి తెలుసు. వంచాను. వెనక సీటు, కిటికీ పక్క, మరక. ఉన్నచోటే ఉంది. అంగుళం కదల్లేదు.

"మీ వాళ్ళు అద్దం ముట్టుకోవద్దన్నారు కదండీ" అన్నాడు మేస్త్రి. "ఇదేం షరతో అనుకున్నాను. రెండు పక్క అద్దాలతోనే లాగించాను. బండి కాదు, నాకే చెమటలు పట్టాయి." బావమరిది ఎక్కడినుంచో రెండు టీ కప్పులతో వస్తున్నాడు. ఆగాడు. నేను వాడి వైపు చూశాను, వాడు కప్పుల వైపు చూశాడు. "ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు కూడా అలాగే తెచ్చాను బావా" అన్నాడు. "చెయ్యి పైకి వెళ్ళింది, మళ్ళీ దించేశాను. దారి పొడుగునా వెనకవాళ్ళు హారన్లు, తిట్లు. అక్క పుణ్యమా అని ఊళ్ళో సగం మంది చేత తిట్లు తిన్నాను." నవ్వాడు. నవ్వు సగంలో ఆపి, "టీ చల్లారిపోతుంది" అన్నాడు.

నాకు చెప్పలేదు వాడు. నేనూ వాడికి చెప్పలేదు. అమ్మాయి చూసింది, అదీ చెప్పలేదు. ఒకే అద్దాన్ని ముగ్గురం మూడు వైపుల నుంచి కాపలా కాస్తున్నాం, మధ్యలో ఆ పిల్లే గేటుకీ కారుకీ మధ్య నిలబడింది.

బల్ల వెనక అమ్మాయి కాగితాలు తెచ్చింది. కారు మార్చడం లేదమ్మా, నీ సమయం పాడుచేశాను అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "పరవాలేదు సార్, ఆలోచించుకుని రండి" అంది, మళ్ళీ అప్పగించినట్టుగానే. మేస్త్రి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. డ్రైవరు సీట్లో కూర్చున్నాను. బావమరిది పక్క సీట్లో కూర్చుని, "అమ్మాయి కాలేజీ వదిలేది ఎన్నింటికి?" అన్నాడు. ఇంకో అరగంటకి అన్నాను. "నేను బయట ఉంటాలే" అని దిగి, నాకు వీపు పెట్టి నిలబడి, ఆవరణ గోడకి వేసిన రంగు గోటితో గీకి చూస్తున్నాడు, అది ఎవరి సరుకో ఇప్పుడే తేలాలన్నట్టు.

చెయ్యి ఎత్తాను. అద్దం అంచు ఎండకి వేడెక్కి ఉంది. ఆమె వేలిముద్ర ఉందేమోనని చూశాను. లేదు, సన్నగా దుమ్ము ఉంది. దాని కింద ఏముందో తెలియదు, తుడవలేదు. మెడ వంచితే నేను లేని నా చోటు కనపడుతుంది. నిటారుగా కూర్చుంటే సీటు కింది నేల, అద్దంలో ఒక మూల నా భుజం. రోడ్డు ఎక్కడా లేదు. పావుగంట దారి. వాన మబ్బు పట్టింది, మా అమ్మాయి కాలేజీ గేటు లోపల నిలబడదు, బయటికి వచ్చి రోడ్డు మీద చూస్తూ ఉంటుంది.

నా వేళ్ళు అద్దం మీదే ఉన్నాయి. ఇంకా తిప్పలేదు.